మామయ్యకు కానుకగా చెక్క సుత్తి: ఏ కర్ర వాడాలి, పేరు ఎక్కడ చెక్కాలి?

ప్రశ్న (గుణుపురం నుంచి)
మా మేనమామ గారు ఇక్కడ నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నారు. ఆయన ఇప్పుడు వాడుతున్న చెక్క సుత్తి ఉలి పిడి తగిలి తగిలి నడుమ గుంట పడింది, ఒక చెంప పెచ్చులూడింది. సంక్రాంతికి నా చేత్తో కొత్తది చేసి, ఆయన పేరు చెక్కి ఇవ్వాలనుకుంటున్నాను. నా దగ్గర పాత తలుపు ద్వారబంధం నుంచి తీసిన టేకు ముక్క ఉంది. అది పనికి వస్తుందా? పేరు ఏ లిపిలో ఉండాలన్నది మరో సందేహం. 1936లో మా ప్రాంతం ఒడిశాలో కలిసినా మామయ్య కొలతలూ లెక్కలూ ఇప్పటికీ తెలుగులోనే రాసుకుంటారు. మనవలు మాత్రం ఒడియా బడిలో చదువుతున్నారు.

జవాబు 1 (పర్లాకిమిడి నుంచి)
టేకును తలుపులకే ఉంచండి. అది చెద పట్టదు, వంగదు, కాని రోజూ దెబ్బ తినే పనికి మెత్తన. మాంసం కొట్టే మొద్దుకు చింతనే ఎందుకు ఎంచుకుంటారో గుర్తు చేసుకుంటే మీకు కావలసిన కర్ర ఏదో తెలిసిపోతుంది. చేవ దేరిన చింత ముక్కను 5 అంగుళాల పొడవు, 3 అంగుళాల ఎత్తు, రెండున్నర అంగుళాల మందంలో కోస్తే తల అర కిలోకు కాస్త పైన తూగుతుంది. ఉలి పనికి అది చాలు. చెక్క నార ఒక దెబ్బ ముఖం నుంచి రెండో ముఖానికి సాగేలా కోయాలి, అడ్డంగా ఉంటే నాలుగు రోజుల్లో చీలుతుంది. పిడికి నల్లతుమ్మ మేలు.

జవాబు 2 (బరంపురం నుంచి)
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. నేను పచ్చి చింతతో చేసి నునుపు పట్టి మురిసిపోయిన సుత్తి వేసవి నడిమికి వచ్చేసరికి వేలి గోరు దూరేంత పగిలింది. కనుక కాండం నడిమి భాగం లేని, బాగా ఆరిన ముక్కనే తీసుకోండి. సంక్రాంతిలోగా పచ్చి కర్ర ఆరదు. తలలో పిడి దూర్చే రంధ్రం (తొలి) పైన కాస్త వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండాలి. అదే వాలులో చిత్రిక పట్టిన పిడిని పైనుంచి దించితే, ఊపిన కొద్దీ తల బిగుస్తుందే గాని ఊడి ఎవరి మీదా పడదు. మేకు గాని, జిగురు గాని అక్కర్లేదు.

జవాబు 3 (రాయగడ నుంచి)
పేరు దెబ్బ ముఖం మీద వద్దు, పక్క చెంప మీద చెక్కండి. రెండు లిపులూ గుండ్రనివే, అదే చిక్కు: సున్న చుట్టూ ఉలి తిప్పేటప్పుడు నార దిశ మారి అక్షరం అంచు లేచిపోతుంది. (తాటాకు మీద గంటానికి అనుకూలంగా ఉన్న గుండ్రదనమే చింత చేవ మీద మనల్ని ఏడిపిస్తుంది.) నేనైతే పెన్సిలుతో గీసి, కాల్చిన ఇనుప సూదితో వాత పెడతాను. ముందు అదే కర్ర తునక మీద సాధన చేయండి. ఒక చెంపన తెలుగు, రెండో చెంపన ఒడియా వేస్తే మీ సందేహమే తీరుతుంది. చివర అవిసె నూనె పలుచగా రుద్దండి. పిడికి మాత్రం వార్నిష్ వేయకండి, చెమట చేతికి జారుతుంది.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. మా వీధి చివరి మాంసం దుకాణంలో మొద్దు మార్చారట, పాతదాని అంచు ముక్క అడిగి వచ్చాను. ఏళ్ల తరబడి ఆరింది గాని, ముందు వాసన పోయేదాకా చిత్రిక పట్టాలి.