డిమెన్షియా చివరి దశ వాళ్ళని చూసుకునేదానికి గ్రాంటు అడగాలి, అప్లికేషన్ ఎట్ల రాయాలి?

పాకాల ట్రస్టు:
అందరికీ నమస్తే. పాకాల దగ్గర మాకొక చిన్న ట్రస్టు ఉండాది, ఐదేళ్ళ పైనుంచి 12 మంచాలతో చివరి దశలో ఉండే రోగుల్ని చూసుకుంటా ఉండాం. మొదట్లో అందరూ క్యాన్సర్ వాళ్ళే వొచ్చేవాళ్ళు, ఇప్పుడు చూస్తే సగం మంది డిమెన్షియా (మతి పోయే జబ్బు) వాళ్ళే, పిల్లలకేమో బెంగళూరులో చెన్నైలో ఉద్యోగాలు, ఇంట్లో ఒక్క ముసలాయన ఆమెని ఎత్తి కూర్చోబెట్టలేక మా దగ్గరికి తెస్తా ఉండారు. మా నర్సులకి, ఆయాలకి క్యాన్సర్ నొప్పి సంగతి బాగా తెలుసు, మాట పడిపోయిన మనిషికి నొప్పి ఉందో లేదో కనుక్కునేది మాత్రం వాళ్ళకి ఎవురూ నేర్పలేదు.

ఇంకో గది కట్టి ఎనిమిది మంచాలు వేద్దామని ఒక కంపెనీకి సీఎస్‌ఆర్ కింద అప్లికేషన్ పెట్టినాం. ఈ డబ్బుతో రోగికి ఏం మారుతుందో తెలియడం లేదు అని తిప్పి పంపినారు. ఏం రాయాలో, ఎవురిని అడగాలో, ఏ కాగితాలు ఉండాలో తెలిసినవాళ్ళు చెప్పండి. అమెరికాలో ఉండే మా చిన్నాన్న కొడుకు అక్కడి ఫౌండేషన్ ఒకదాని నుంచి ఇప్పిస్తానంటాడు, తీసుకోవచ్చునా?

తిరుపతి ఆడిటర్:
మేడమ్, కాగితాల వరకు నేను చెప్తాను.

సీఎస్‌ఆర్ అంటే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వచ్చే డబ్బు, పెద్ద కంపెనీలు అంతకుముందు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలా సమాజానికి పనికొచ్చే పనుల మీద ఖర్చు పెట్టాలి. మీరు అది తీసుకోవాలంటే ఇన్‌కమ్‌టాక్స్‌లో 12ఏ లేదా 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి పన్ను తగ్గింపు) రెండూ ఉండాలి, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపించాలి, కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్లో సీఎస్‌ఆర్-1 ఫారం వేసి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబరు లేనివాళ్ళకి కంపెనీలు ఇవ్వడానికి లేదు. చట్టంలో ఏడో షెడ్యూలు అని ఒకటి ఉంది, ఏ పనులకి ఇవ్వచ్చో అందులో ఉంటుంది, మీ పని రెండు చోట్ల పడుతుంది, మొదటి అంశంలో ఆరోగ్య సంరక్షణ, మూడో అంశంలో వృద్ధాశ్రమాలు, డేకేర్ సెంటర్లు, సీనియర్ సిటిజన్ల సౌకర్యాలు. కవరింగ్ లెటర్లోనే ఆ అంశం నంబరు వేసెయ్యండి, ఫైలు చూసేవాళ్ళు మొదట వెతికేది అదే. కంపెనీలు తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది కాబట్టి హైదరాబాద్ ఆఫీసులకి రాసే ముందు రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు చూడండి, మీ దగ్గరికి ఏ ఏ మండలాల నుంచి రోగులు వస్తున్నారో ఊరి పేర్లతో లిస్టు పెట్టండి.

అమెరికా డబ్బు సంగతి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకండి. రిజిస్ట్రేషన్ కావాలంటే ట్రస్టుకి మూడేళ్ళు నిండాలి, గడిచిన మూడేళ్ళలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. వచ్చాక కూడా డబ్బు ముందు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఆఫీసు ఖర్చులకి 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. 2020లో సవరణ వచ్చాక ఇవన్నీ గట్టిగా చూస్తున్నారు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే ట్రస్టు ద్వారా మళ్ళించి తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినకండి. మీ చిన్నాన్నగారబ్బాయిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే ఆయన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు, అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే.

కేంద్రం స్కీము ఒకటి ఉంది, అటల్ వయో అభ్యుదయ్ యోజన, సామాజిక న్యాయ శాఖది. అందులో కంటిన్యుయస్ కేర్ హోమ్ అని ప్రత్యేకంగా అల్జీమర్స్, డిమెన్షియా వాళ్ళ కోసమూ, విడవకుండా నర్సింగ్ కావాల్సిన పెద్దవాళ్ళ కోసమూ పెట్టారు, కానీ కనీసం 20 మంది ఉండాలి. 12 మంచాలతో ఇప్పుడు కుదరదు, ఎప్పటికైనా పెంచుకుంటే ఇ-అనుదాన్ పోర్టల్లో వేయొచ్చు, దానికి నీతి ఆయోగ్ దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకి ఇచ్చే నంబరు) కావాలి, ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఖర్చేమీ లేదు.

హోమ్‌కేర్ నర్సు:
అక్కా, నేను తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇండ్లకి పోయి మంచానపడ్డోళ్ళని చూసే టీములో నర్సుని, మా టీము గ్రాంటు అప్లికేషన్లు రాసేది కూడా నేనే. ఆడిటర్ సార్ చెప్పినట్ల కాగితాలు సరిచేసుకోండి, కానీ రాసేటప్పుడు ఆ గది సంగతి పక్కన పెట్టేయండి. మనిషికి జీతం అడగండి, ట్రైనింగ్ అడగండి. మంచాలు ఎవురైనా ఇస్తారక్కా, పెండ్లిరోజనో తద్దినమనో దాతలే కొనిస్తారు. ఆ మంచం మీదుండే అవ్వకి పూటకి ముప్పావుగంట కూర్చోని అన్నం తినిపించే మనిషికి జీతం ఎవురూ ఇవ్వరు, గ్రాంటు అడగాల్సింది దానికే.

ఎందుకంటే ఈ జబ్బు చివరికి వొచ్చేసరికి నమిలేది, మింగేది కూడా మర్చిపోతారు. వీపు నిటారుగా ఉండేట్ల కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, రాగిజావ చిక్కగా చేసుకోని, చిన్న స్పూనుతో అర స్పూను పెట్టి, గొంతు కదిలిందా లేదా చూసి, బుగ్గలో ఏమీ మిగల్లేదని చూసుకోని అప్పుడు ఇంకో అర స్పూను. మధ్యలో దగ్గొస్తే ఆపేయాలి. తిన్నాక వెంటనే పడుకోబెట్టకూడదు. ఇద్దరు ఆయాలు 12 మందిని చూసే చోట ఇది యాడ జరుగుతుంది చెప్పండి, అందుకనే ముక్కులోనుంచి కడుపులోకి తిండి పోసే రైల్స్ ట్యూబ్ వేసేస్తారు, దాన్ని పీకేసుకుంటారని చేతులు కట్టేస్తారు, ఆ కట్టిన చేతులు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ట్యూబ్ వేస్తే ఎక్కువ కాలం బతుకుతారని గానీ న్యుమోనియా రాదని గానీ రుజువు లేదు, చివరి దశ డిమెన్షియాలో ట్యూబ్ వద్దు, చేత్తోనే తినిపించండి అని ముసలోళ్ళ వైద్యం చూసే అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ కూడా చెప్పింది. ఇది రాయండక్కా అప్లికేషన్లో. ఆయా జీతం ఎందుకు అడుగుతున్నారో కంపెనీ వాళ్ళకి దీంతోనే అర్థమవుతుంది.

లెక్కలు ఒకటి రెండు చాలు. మన దేశంలో 60 దాటినోళ్ళల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని, పెద్దవాళ్ళ మతి మీద దేశంలో చేసిన లాసీ-డాడ్ అనే సర్వే నుంచి 2023లో అంచనా వేసినారు. ఇంకోటి, బోస్టన్ దగ్గరి నర్సింగ్ హోముల్లో చివరి దశ డిమెన్షియా ఉన్న 323 మందిని 18 నెలలు గమనించిన స్టడీ, 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వొచ్చింది. సగం మందికి పైగా, దాదాపు 55 శాతం, ఆ లోపలే పోయినారు, దాదాపు 86 శాతం మందికి తిండి తినడంలో ఇబ్బంది వొచ్చింది. ఇది మతిమరుపే కదా, దీనికి హాస్పిస్ (చివరి రోజుల్లో చూసుకునే చోటు) ఎందుకు అని అడిగేవాళ్ళకి ఈ ఒక్క స్టడీ చూపించండి. క్యాన్సర్‌కి చివరి రోజుల సంరక్షణ కావాలంటే ఎవురూ ఎదురు అడగరు, దీనికి మాత్రం ఇది కూడా ప్రాణం తీసే జబ్బే అని మనమే విడమర్చి చెప్పుకోవాల్సి వస్తా ఉంది.

ఇంక నొప్పి. పెయిన్‌యాడ్ అని ఒక స్కేలు ఉంది, మాట రాని డిమెన్షియా వాళ్ళ కోసమే తయారు చేసింది. ఊపిరి ఎట్ల తీసుకుంటా ఉండారు, మూలుగుతా ఉండారా, మొహం ఎట్ల పెట్టినారు, ఒళ్ళు బిగబట్టినారా, నిమిరితే ఊరుకుంటా ఉండారా, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు వరకు మార్కులు, మొత్తం పదికి. పక్కకి తిప్పేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది. చదువు పెద్దగా లేని ఆయా కూడా నేర్చుకుంటాది. చిరాకు పడతా ఉంది, కొడతా ఉంది అని నిద్రమాత్ర వేసేస్తారు చూడండి, చాలాసార్లు అది నొప్పి, లేదంటే మలబద్ధకం, లేదంటే మూత్రం ఆగిపోయి ఉంటుంది.

కాబట్టి ఇప్పుడే, డబ్బు రాకముందే, ఒక రిజిస్టరు తెరవండి. ఎంతమందికి వీపు మీద, తుంటి మీద పుండ్లు ఉండాయి, ఎంతమందికి ట్యూబ్ ఉంది, ఎంతమందికి చేతులు కడతా ఉండారు, నెలలో ఎన్నిసార్లు జ్వరమనీ ఆయాసమనీ పెద్దాసుపత్రికి తీసకపోయినారు, వారానికొకసారి పెయిన్‌యాడ్ ఎంత. ఒక రెండు మూడు నెలలు ఏమీ మార్చకుండా ఇవి రాసి పెట్టుకుంటే అప్లికేషన్లో మీ ఇప్పటి పరిస్థితి అదే, గ్రాంటు వొచ్చినాక మళ్ళీ అవే లెక్కలు తీసి చూపించొచ్చు. ఏం మారుతుంది అని వాళ్ళు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ రిజిస్టర్లోనే ఉంటుంది.

చిత్తూరు నుంచి ఒక కూతురు:
నేను మా నాయన్ని ఇంట్లోనే చూసుకున్నాను, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు రాసే దాంట్లో ఇంటోళ్ళ కోసం ఏమైనా ఉందా? మాకు అన్నిటికంటే కష్టమైంది రాత్రిపూట జ్వరమొస్తే ఆసుపత్రికి తీసకపోదామా వద్దా అనేది. మా అన్న ఐసీయూలో పెడదామంటాడు, అమ్మ వద్దంటాది, ఇద్దరిదీ ప్రేమే. ముందే ఎవురైనా కూర్చోబెట్టి ఇట్ల అవుతుంది, అప్పుడు ఇట్ల చేద్దాం అని చెప్పుంటే మా ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఇంతకాలం మాట్లాడుకోకుండా ఉండేవాళ్ళం కాదు.

హోమ్‌కేర్ నర్సు:
ఏమీ అనుకోనక్కా, మంచిగా గుర్తు చేసినారు. నేను చెప్పిన స్టడీలోనే ఇది కూడా ఉంది, జబ్బు ఎట్ల ముదురుతుందో, ఇంకెంత కాలమో అర్థమైన ఇంటోళ్ళుండే రోగులకి చివరి మూడు నెలల్లో అనవసరంగా ఆసుపత్రి, ట్యూబ్ లాంటివి చాలా తక్కువ. పాకాల అక్కా, చేరిన మొదటి రెండు వారాల్లో ఇంటోళ్ళతో ఒక మీటింగు, ఏం మాట్లాడుకున్నారో కాగితం మీద, వాళ్ళ సంతకం, డాక్టరు సంతకం. దీనికి డబ్బేం కాదు, డాక్టరు టైము తప్ప, ఆ టైముకి కూడా బడ్జెట్లో వరస పెట్టండి. చూసుకునేవాళ్ళ మీద ఎంత భారం ఉందో కొలిచేదానికి జారిట్ అని 22 ప్రశ్నల పట్టిక ఉంది, మొదట ఒకసారి, ఆర్నెల్లకి ఒకసారి అడిగితే అది కూడా చూపించుకునే ఫలితమే.

పాకాల ట్రస్టు:
చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవురూ చెప్పలేదు. కూతురు అక్క చెప్పింది చదివి మా నర్సమ్మ కూడా ఏడ్చింది. మొదటి పేరా ఇట్ల రాసినాను, చూడండి.

“వృద్ధులు మన సమాజానికి సంపద. డిమెన్షియా అనే భయంకరమైన వ్యాధి వారి జీవితాలను చీకటిమయం చేస్తోంది. మా ట్రస్టు ఐదేళ్ళుగా నిస్వార్థ సేవ చేస్తోంది. మీ సహకారంతో మరింత మందికి మెరుగైన సేవలు అందించగలమని విశ్వసిస్తున్నాము.”

హోమ్‌కేర్ నర్సు:
అక్కా, మీ మనసు తెలుస్తా ఉంది, కానీ ఈ నాలుగు వాక్యాలు ఏ ట్రస్టు పేరు పెట్టినా సరిపోతాయి. మీ దగ్గర మాత్రమే ఉండే సంగతులతో మొదలుపెట్టండి, ఇట్ల:

“పాకాల దగ్గర మా హాస్పిస్‌లో 12 మంచాలున్నాయి. ఇప్పుడున్న రోగుల్లో సగం మంది చివరి దశ డిమెన్షియా వాళ్ళు. వీరు నొప్పి చెప్పలేరు, సొంతంగా తినలేరు. ఒక్కొక్కరికి చేత్తో తినిపించడానికి పూటకి ముప్పావుగంట పడుతుంది, మాకు పగలు ఇద్దరు ఆయాలే ఉన్నారు. ముగ్గురు ఆయాల జీతం, మొత్తం స్టాఫ్‌కి డిమెన్షియా పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) శిక్షణ, వారానికి ఒక పూట డాక్టరు సమయం కోరుతున్నాము. ఏడాదిలో ట్యూబులు, చేతులు కట్టడం, పడక పుండ్లు, ఆసుపత్రికి తరలింపులు ఎంత తగ్గాయో మూడు నెలలకొకసారి లెక్క ఇస్తాము.”

ఆయాల సంఖ్య మీ దగ్గర ఎంతుంటే అంత మార్చుకోండి. “భయంకరమైన”, “నిస్వార్థ” తీసేయండి, వాళ్ళు రోజూ అవే చదువుతా ఉంటారు.

శిక్షణకి ఎక్కడికి పంపుతారో కూడా రాయాల. పక్కనే వెల్లూరు సీఎంసీలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, తిరువనంతపురంలో పాలియం ఇండియా వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఉంది, డిమెన్షియా మీదనే అయితే 1992 నుంచి పనిచేస్తున్న ఏఆర్‌డీఎస్‌ఐ అనే అల్జీమర్స్ సొసైటీ ఉంది, వాళ్ళకి హైదరాబాద్ చాప్టర్ కూడా ఉంది. ముందే మాట్లాడి, మీ స్టాఫ్‌ని తీసుకుంటామని ఒక ఉత్తరం తెచ్చుకోని జతచేయండి. శిక్షణకి పోయినన్ని రోజులు ఇక్కడ వాళ్ళ బదులు చేసేవాళ్ళ కూలి కూడా వేయండి, అది చాలామంది వదిలేస్తారు, ఆఖరికి స్టాఫ్‌ని పంపలేక శిక్షణ ఆగిపోతాది.

ఫోటోలు మాత్రం వద్దక్కా. రోగి తానుగా సరే అని చెప్పే స్థితిలో లేదు కాబట్టి మొహం కనిపించే ఫోటో పెట్టకూడదు. స్పూను పట్టుకున్న ఆయా చెయ్యి, రిజిస్టరు పేజీ పేర్లు మూసేసి, అవి చాలు.

తిరుపతి ఆడిటర్:
ఒక్క మాట చేరుస్తాను. ఈ గ్రాంటుని మూడేళ్ళ ప్రాజెక్టుగా అడగండి. కంపెనీ దాన్ని కొనసాగే ప్రాజెక్టు అని తీర్మానం చేస్తే మొదలైన సంవత్సరం కాక ఇంకో మూడేళ్ళ వరకు నడుపుకోవచ్చు, అలా అయితే ఆయాలని పెట్టుకుని ఏడాదికే మానిపించాల్సిన పని ఉండదు. మూడో ఏడు దాటాక జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఒక పేరా రాయాలి, స్థానిక దాతలు, కట్టగలిగిన కుటుంబాల నుంచి కొంత, ఏది నిజమో అదే రాయండి.

పాకాల ట్రస్టు:
ఈ వారంలోనే రిజిస్టరు తెరుస్తాం సార్. బడ్జెట్ వేసినాక మళ్ళీ ఒకసారి చూపించొచ్చా?

హోమ్‌కేర్ నర్సు:
ఇక్కడే పెట్టండక్కా, జీతాలు, శిక్షణ వరసలు నేను చూస్తా, మిగతాది సార్‌ని చూడమందాం. డైపర్లు, ఎయిర్ బెడ్లు మర్చిపోవద్దు, నెలకి ఎన్ని అవుతాయో మీ స్టోరు చూసే అమ్మాయిని అడిగి రాయండి.