సిల్కీ పెట్ట మళ్లీ పొదుగుకి కూర్చుంది, లేపాలా వదిలేయాలా?

కొత్తగూడు:
మా దగ్గర సిల్కీ జాతి కోళ్లు మూడున్నాయి. మూడూ పెట్టలే, పుంజు లేదు. అందులో తెల్లది ఈ ఏడాదిలో మూడోసారి పొదుగుకి కూర్చుంది. పన్నెండో పదమూడో గుడ్లు పెట్టడం, ఇక గూట్లోంచి కదలకపోవడం. గుడ్లు ఎప్పటికప్పుడు తీసేస్తున్నా, అయినా ఉత్త గడ్డి మీదే రొట్టెలా పరుచుకుని వారం నుంచి అలాగే ఉంది. చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటూ పొడుస్తుంది. నేను పెంచుకునేదే గుడ్ల కోసం. లేపెయ్యమని కొందరు, దాని స్వభావం అది, జోలికి పోవద్దని కొందరు. మీరేం చేస్తారు?

లెక్కలమనిషి:
లేపెయ్యండి, ఇవాళే. అసలు గుడ్ల కోసం సిల్కీని తెచ్చుకోవడమే పొరపాటండీ. ఏడాదికి 100, బాగా పెడితే 120, అవీ చిన్నవి. గుడ్ల కోసమే పెంచే లెగ్‌హార్న్ జాతి కోడి, మంచిదైతే 280 దాకా పెడుతుంది, ఎందుకంటే తరాల తరబడి పొదుగుకి కూర్చునేవాటిని పక్కన పెట్టి, కూర్చోనివాటి నుంచే పిల్లల్ని తీస్తూ వచ్చారు. సిల్కీ విషయంలో అలా జరగలేదు. ఇప్పుడు వదిలేస్తే పొదుగు 21 రోజులు, పిల్లలుంటే ఇంకో ఆరు వారాలు, మళ్లీ గుడ్డు మొదలవడానికి రెండు వారాలు. రెండున్నర నెలలు సున్నా.

గంపకింద:
అన్నా, కోడంటే గుడ్లు పడే మిషనా? పొదుగు జబ్బేం కాదు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, అంతే. ఇక లెక్క అంటారా, నేను సిల్కీ కింద వేరే జాతి గుడ్లు ఆరు పెట్టాను, ఐదు పిల్లలయ్యాయి. ఇంక్యుబేటర్ లేదు, కరెంటు పోతుందన్న టెన్షన్ లేదు, రాత్రి లేచి గుడ్లు తిప్పే పని లేదు. అదే ముక్కుతో ఒక్కొక్కటీ తిప్పుకుంటుంది, చివర్న ఉన్నదాన్ని మధ్యలోకి లాక్కుంటుంది. పొదగడానికి సిల్కీని మించిన జాతిని నేనైతే చూడలేదు. ఆ గుణం కోసమే దాన్ని పెంచేవాళ్లున్నారు.

లెక్కలమనిషి:
అంతా బాగుంది, కానీ ఆవిడ మొదటి రెండు లైన్లు చదివారా? పుంజు లేదు, కింద గుడ్డు లేదు. 21 రోజులకి ఏం పుడుతుంది, గడ్డిపోచలా?

పాతపంజరం:
మీ ఇద్దరి గొడవలో కోడి సంగతి పోతోంది. కింద పొదిగే గుడ్లుంటే 21 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, పెట్ట తనంతట తనే లేస్తుంది. ఏమీ లేకపోతే ఆ లెక్క దానికి తెలియదు, కొన్ని వారాల తరబడి కూర్చునే ఉంటుంది. రోజుకి ఒకసారి లేస్తుంది, పావుగంటో ఇరవై నిమిషాలో. ఆ గబగబలో నాలుగు గింజలు, గుక్కెడు నీళ్లు, గుప్పెడంత రెట్ట (ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోరు), మళ్లీ గూట్లోకి. మాది ఒకటి ఇలాగే వట్టి గూట్లో కూర్చుంటే నేనూ పాపం అని వదిలేశాను. ఒకరోజు ఎత్తి చూస్తే రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగిలింది, జుట్టు పాలిపోయింది, పొట్ట కింద ఈకలు రాలిన చోట పేలు కుప్పలుగా పాకుతున్నాయి. దుమ్ములో పొర్లే టైమే లేదు దానికి, ఇంకేమవుతుంది? అందుకే ఉత్త గూడైతే లేపడమే దయ అంటాను నేను.

లేపడం కష్టం కాదు. అడుగున జాలీ ఉన్న పంజరం తీసుకుని కింద గాలి ఆడేలా నాలుగు ఇటుకల మీద పెట్టండి. వెలుతురుండాలి, ఎండ నేరుగా పడకూడదు. మేత, నీళ్లు పెట్టండి, గడ్డి మాత్రం వద్దు. పొట్ట కింద చల్లబడితే మనసు మారుతుంది. మొదట్లోనే పట్టుకుంటే మూడు రోజులు, ఆలస్యమైతే ఇంకాస్త.

కొత్తగూడు:
చల్లనీళ్లలో ముంచి తీస్తే ఒక్కరోజులో లేస్తుందని ఒకరన్నారు?

పాతపంజరం:
సిల్కీని అసలు ముంచకండి. మామూలు కోడి ఈకల్లో పోగులు ఒకదానికొకటి కొక్కేల్లా పట్టుకుని ఉంటాయి, నీళ్లు జారిపోతాయి. సిల్కీ ఈకకి ఆ పట్టు లేదు, అందుకే దూదిలా ఉంటుంది. చర్మం దాకా తడుస్తుంది, ఒక పట్టాన ఆరదు.

గంపకింద:
సరే, ఉత్త గూటి విషయంలో ఒప్పుకుంటా. కానీ ప్రతిసారీ పంజరంలో పెట్టడం కూడా ఏం బాగుంటుందండీ? లేపిన వెంటనే గుడ్డు పెట్టదు, వారం రెండు వారాలు ఎలాగూ పోతాయి, పెట్టిన పది పదిహేను గుడ్లకి మళ్లీ కూర్చుంటుంది. ఏడాదికి ఒక్కసారైనా పుంజు ఉన్నవాళ్ల దగ్గర గుడ్లు తెచ్చి పెట్టండి. అన్నీ ఒకే రోజు పెట్టాలి, లేకపోతే ముందు పుట్టిన పిల్లలతో తల్లి లేచిపోతుంది, మిగతావి పోయినట్టే. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, పక్క పెట్టలు వచ్చి అందులోనే పెట్టేస్తాయి. ఏడో రోజు దాటాక చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే ఏది కట్టిందో ఏది ఉత్తదో తెలుస్తుంది.

లెక్కలమనిషి:
పుట్టినవాటిలో సగం పుంజులైతే ఎవరింట్లో పెట్టుకోవాలో అదీ చెప్పండి మరి.

కొత్తగూడు:
ఐదు రోజుల తర్వాత చెబుతున్నా. తెల్లది పంజరంలో మొదటి రోజంతా అరిచింది, మూడో రోజుకి జాలీ మీద అటూఇటూ తిరుగుతూ మేత అడిగింది. వదిలితే గూటి వైపు చూడకుండా నేరుగా వెళ్లి దుమ్ములో పొర్లింది. ఇంతలో, నిన్న సాయంత్రం నుంచి నల్లది అదే గూట్లో కూర్చుంది. తెలిసినవాళ్ల దగ్గర పుంజు ఉంది, ఆరు గుడ్లు అడిగాను. లెక్కలమనిషి గారూ, తిట్టకండి.