పంది పిల్లలకు ఆర్గానిక్ ఐరన్ చాలా, సూది తప్పదా?

ప్రశ్న (శామీర్‌పేట రైతు):
అన్నా, ఆరు తల్లి పందులతో చిన్న షెడ్డు నాది. అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్, నేలంతా సిమెంటే. "ఆర్గానిక్ ఐరన్, అంటే అమైనో ఆమ్లంతో కట్టిన ఐరన్, తల్లికి పెట్టు, పాలలో పిల్లలకు దిగుతుంది, సూదితో పని లేదు" అని మందుల దుకాణంలో చెప్తే నమ్మాను. పోయిన ఈతలో పదకొండు పిల్లలు పుట్టాయి. పన్నెండో రోజుకల్లా చెవులు తెల్లగా పాలిపోయాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మూడు చనిపోయాయి. చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. వారంలో ఇంకో పంది ఈనుతుంది. ఒకటే టెన్షన్. ఆర్గానిక్ మంచిదా, మామూలు ఐరన్ లవణం ఫెర్రస్ సల్ఫేటా?

జవాబు (పశువైద్యుడు, రాజేంద్రనగర్):
తమ్ముడూ, మొదటి మూడు వారాలకు ఆ రెండింటిలో ఏదీ కాదు. పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో ఉండే ఐరన్ సుమారు 50 మిల్లీగ్రాములే. రోజుకు 7 దాకా కావాలి, పాలలో వచ్చేది 1. తల్లికి ఎంత ఖరీదైన ఐరన్ పెట్టినా పాలలోకి దిగేది బాగా తక్కువ. మూడో రోజు 200 మిల్లీగ్రాముల ఐరన్ డెక్స్‌ట్రాన్ సూది వేయించు. తల్లికి విటమిన్ ఇ, సెలీనియం తక్కువైతే ఆ సూదే పిల్లలకు విషమవుతుంది, అందుకని దాణాలో అవి ఉన్నాయో లేదో ముందే చూసుకో.

జవాబు (షాద్‌నగర్ రైతు):
మట్టిలో తిరిగే పందులు నేల తవ్వుకుని కొంత ఐరన్ తెచ్చుకునేవి. సిమెంటు మీద ఆ దారి లేదు. సూది గుచ్చే ముందు చర్మం కొంచెం పక్కకు లాగి పట్టుకో, మందు బయటికి కారదు. ఒక్కో ఈతకు కొత్త సూది వాడు.

పశువైద్యుడు:
పాలు మాన్పించాక నీ ప్రశ్నకు అర్థం ఉంటుంది. చిన్న పిల్లల దాణాలో కిలోకు 100 మిల్లీగ్రాముల ఐరన్ చాలు. తవుడులో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఐరన్‌ను ఒంటికి అందకుండా పట్టేసుకుంటుంది. అమైనో ఆమ్లంతో కట్టిన ఆర్గానిక్ ఐరన్ దానికి అంత సులువుగా చిక్కదు. కానీ ఫెర్రస్ సల్ఫేట్ కూడా బాగానే ఒంటబడుతుంది, చవక. ఆరు పందుల షెడ్డుకు నేనైతే అదే కలుపుతాను. ఎర్రగా ఉండే ఐరన్ ఆక్సైడ్ మాత్రం కొనకు, అది రంగుకే పనికొస్తుంది. అలాగని ఏదీ ఎక్కువ పోయకు. పేగులో మిగిలిన ఐరన్ తిని ఈ.కోలై అనే బాక్టీరియా పెరుగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి.

శామీర్‌పేట రైతు:
సూది తొడకా అన్నా, మెడకా?

పశువైద్యుడు:
మెడకే, చెవి వెనక. తొడకు వేస్తే మాంసం మీద మచ్చ మిగులుతుంది.