అరబ్ ప్రజా తిరుగుబాట్ల మీద రిసెర్చ్: అసలు మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది?

సినాప్సిస్_టెన్షన్:
అందరికీ నమస్కారం. పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. టాపిక్ అరబ్ దేశాల్లో ప్రజా తిరుగుబాట్లు. 2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సిదీ బూజీద్‌లో తోపుడుబండి వ్యాపారి బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకోవడం, 2011 జనవరి 14న ఆ దేశాధ్యక్షుడు బెన్ అలీ పారిపోవడం, ఆ తర్వాత కైరోలో తహ్రీర్ చౌక్ ఉద్యమం. ఏది తెరిచినా ఇదే కథ. గైడ్ గారేమో "ఇవన్నీ ఇంకొకరు రాసినవే, అసలు పత్రాలేవమ్మా?" అంటున్నారు. నాకు అరబ్బీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతబస్తీ_పాఠకుడు:
ముందు టాపిక్ కుదించండి. అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి, అన్నీ ఒక థీసిస్‌లో పట్టవు. ఈజిప్టు తీసుకుంటే మెటీరియల్‌కు కొదవ లేదు.

కైరోలోని మొసిరీన్ బృందం 2018 జనవరిలో "858" అనే వీడియో ఆర్కైవ్ పెట్టింది. ఉద్యమంలో తీసిన 858 గంటల ఫుటేజీ. ఎడిటింగ్ ఉండదు, తేదీ, చోటు, విషయం బట్టి వెతకొచ్చు. చౌక్‌లో జరిగిన గొడవలే కాదు, సమ్మెలు, చనిపోయినవాళ్ల కుటుంబాల మాటలు కూడా ఉన్నాయి.

అరబ్బీ రాదన్నారు కాబట్టి "తహ్రీర్ డాక్యుమెంట్స్" మీకు బాగా పనికొస్తుంది. 2011లో వాలంటీర్లు చౌక్‌లో పంచిన కరపత్రాలు పోగుచేసి, స్కాన్ చేసి, పక్కనే ఇంగ్లిష్ అనువాదం పెట్టారు. పార్టీల ప్రకటనలు, డిమాండ్ల జాబితాలు, మతపెద్దల విజ్ఞప్తులు, కవితలు, అన్నీ కలగలిసి ఉంటాయి. నన్నడిగితే వంద విశ్లేషణలు చదివేకంటే ఇవి ఓ ఇరవై చదవడం నయం.

కోడ్_కామేశం:
ఫేస్‌బుక్ విప్లవం అన్నారు కదా, ఆ డేటా తీసుకుంటే పోలా?

పాతబస్తీ_పాఠకుడు:
ఆ మాటతోనే సగం థీసిస్‌లు చెడిపోయాయి. ఈజిప్టులోని మహల్లా ఊళ్లో బట్టల మిల్లులో 2006 డిసెంబరులోనే వేలమంది సమ్మెకు దిగారు, దాన్ని మొదలుపెట్టింది ఆడకూలీలు. 2008 ఏప్రిల్ 6న అదే ఊళ్లో మళ్లీ రగిలింది. ఆ తేదీనే పేరుగా పెట్టుకున్న యువజన బృందం 2011లో ముందు వరసలో ఉంది. ఫేస్‌బుక్ పాత్ర లేదనను, కానీ కథ అక్కడ మొదలు కాలేదు.

నిజాం_కాలేజీ_సీనియర్:
నేనైతే ఇంకా వెనక్కి వెళ్లమంటాను. 1977 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం నిత్యావసరాల సబ్సిడీలు కోస్తున్నట్టు ప్రకటించగానే 18, 19 తేదీల్లో దేశమంతా భగ్గుమంది. సైన్యాన్ని దించారు, ధరల పెంపు వెనక్కి తీసుకున్నారు. ట్యునీషియాలో 1984 జనవరిలో, జోర్డాన్‌లో 1989 ఏప్రిల్‌లో ఇలాంటి గొడవలే. ఐఎంఎఫ్ షరతులు, ధరల పెంపు. 2011 నాటి "రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం" నినాదంలో "రొట్టె" మొదట ఎందుకొచ్చిందో వీటితోనే అర్థమవుతుంది.

దీనికి మెటీరియల్ ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో 1973 నుంచి 1979 వరకు ఎంబసీలు పంపిన కేబుల్స్ (అధికారిక సందేశాలు) ఉచితంగా ఉన్నాయి. దేశం, తేదీ పెట్టి వెతకండి. అది అమెరికా చూపు అని మాత్రం మరచిపోవద్దు.

హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది కదా అని అక్కడికి పరుగెత్తకండి. అక్కడిది ప్రాచీన అరబ్బీ గ్రంథాల పని. అనువాద సాయం కావాలంటే ఇఫ్లూ, ఉస్మానియా, మనూ యూనివర్సిటీల అరబ్బీ విభాగాల్లో విద్యార్థులను అడగండి.

గల్ఫ్_బాబాయ్:
నేను 2011లో బహ్రెయిన్‌లోనే ఉన్నాను. అక్కడ ఉద్యమకారులు బైఠాయించిన పర్ల్ రౌండబౌట్‌ను మార్చిలో కూల్చేశారు. మా క్యాంపులో సూపర్‌వైజర్ బయటికి వెళ్లొద్దన్నాడు, అంతే, మాకెవరూ ఏమీ చెప్పలేదు. ఆ గొడవల మీద విచారణ జరిపిన బస్సియూనీ కమిషన్ రిపోర్టు (2011 నవంబరు) చదవమ్మా, ఐదొందల పేజీలుంటుంది, ఇంగ్లిష్‌లో నెట్‌లో దొరుకుతుంది. జైళ్లలో చిత్రహింసలతో పాటు మనలాంటి వలస కార్మికుల మీద జరిగిన దాడులు కూడా రాశారు.

డేటా_దుర్గ:
అంకెలు కావాలంటే అరబ్ బారోమీటర్. 2006 నుంచి అరబ్ దేశాల్లో విడతలవారీగా ప్రజాభిప్రాయ సర్వేలు, డేటా ఫైళ్లు ఉచితం. కొన్ని దేశాల్లో కొన్ని ప్రశ్నలు అడగనివ్వలేదు, కాబట్టి పట్టికలో ఖాళీలుంటాయి. ఆ ఖాళీ కూడా థీసిస్‌లో రాయాల్సిందే.

ఇంకోటి, ఏ వీడియో దొరికినా వెంటనే సేవ్ చేసుకో. 2017లో యూట్యూబ్ ఆటోమేటిక్ వడపోతలో సిరియా వీడియోలు కుప్పలుగా ఎగిరిపోయాయి. అలాంటివి కాపాడే పనిలోనే ఉంది సిరియన్ ఆర్కైవ్.

సినాప్సిస్_టెన్షన్:
చాలా థాంక్సండీ. గల్ఫ్ బాబాయ్ గారూ, ఆ రిపోర్టు ఇవాళే దించుకుంటాను. 1977 మీదే మనసు పోతోంది. కానీ ఇంగ్లిష్‌లో వెతికితే అవే నాలుగు వ్యాసాలు వస్తున్నాయి.

నిజాం_కాలేజీ_సీనియర్:
వికీపీడియాలో ఆ పేజీ తెరిచి భాష అరబ్బీకి మార్చండి. పైనున్న శీర్షికను కాపీ చేసి సెర్చ్‌లో పెట్టండి, వచ్చింది బ్రౌజర్ అనువాదంలో చదువుకోవచ్చు. అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ దీన్ని "దొంగల తిరుగుబాటు" అన్నాడు, ప్రభుత్వం వైపు రాతలు కావాలంటే ఆ పేరుతోనూ వెతకాలి. కేబుల్స్‌లో కైరోతో ఆగకుండా అలెగ్జాండ్రియా, హెల్వాన్ అని కూడా కొట్టి చూడండి, కార్మికులు మొదట బయటికొచ్చింది ఆ ఊళ్ల ఫ్యాక్టరీల నుంచే.