కుండీలో కరివేపాకు: ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. కరివేపాకు మొక్కని చలికాలమంతా ఇంట్లోనే, గ్రో లైటు (మొక్కల కోసం పెట్టే దీపం) కింద పెంచుతున్నాను. నెల నుంచి కొత్త చిగుళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయి. ఈనెలు మాత్రం గీత గీసినట్టు పచ్చగా ఉన్నాయి. కింది ముదురాకులు బాగానే ఉన్నాయి కాబట్టి నత్రజని లోపం కాదు, ఇనుము అందట్లేదనుకుంటున్నా. మట్టి పీహెచ్ (పులుపు-క్షార గుణం కొలత) 7.8 చూపించింది, అంటే క్షారం వైపు ఉంది, అందుకే ఇనుము అందట్లేదేమో. ఇక్కడి కుళాయి నీళ్లకి కెటిల్ అడుగున తెల్లటి సున్నపు పెచ్చు కడుతుంది. పైగా బలమని కోడిగుడ్డు పెంకుల పొడి వేశాను, అదీ సున్నమే, పొరపాటేనేమో. పీహెచ్ తగ్గుతుందని పుల్లమజ్జిగ పోస్తే ఇల్లంతా వాసన, చిన్న ఈగలు.

రోజూ కూరలో వేసుకునే ఆకు, రసాయనాలు వద్దు. పీహెచ్ తగ్గడానికి గంధకం పొడి 12 అంగుళాల కుండీకి ఎంత వేయాలి? ఎన్నాళ్లకి పనిచేస్తుంది? లేక మట్టే మార్చేయమంటారా? అమ్మ వచ్చినప్పుడు తన చేత్తో నాటి వెళ్లిన మొక్క, దయచేసి చెప్పండి.