జెడ్80 బోర్డుకి ఎమ్యులేటర్ తగిలిస్తే 4 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రోగ్రామ్ దారి తప్పుతోంది

జెడ్80ఏ బోర్డులో ప్రాసెసర్ తీసేసి, ఆ 40 పిన్నుల సాకెట్‌లో ఇన్-సర్క్యూట్ ఎమ్యులేటర్ (ప్రాసెసర్ బదులు పనిచేస్తూ లోపల ఏం జరుగుతోందో చూపించే పరికరం) పెట్టాను. రిబ్బన్ కేబుల్ 30 సెంటీమీటర్లు. ఎమ్యులేటర్ సొంత మెమరీ నుంచి నడిపితే గంటలకొద్దీ ఏ ఇబ్బందీ లేదు. బోర్డు మీది ఈప్రామ్ (ప్రోగ్రామ్ నిలవ ఉండే మెమరీ చిప్) నుంచి నడిపితే మాత్రం ఐదు నుంచి పది నిమిషాల్లో ప్రోగ్రామ్ 0038 అడ్రస్‌కి దూకుతోంది. ట్రేస్‌లో (నడిచిన ఆదేశాల రికార్డులో) చూస్తే, దూకే ముందు చదివిన ఆప్‌కోడ్ (ఆదేశం కోడ్) ఎఫ్ఎఫ్, అంటే ఆర్ఎస్‌టీ 38, 0038కి దూకమనే ఆదేశం. ఈప్రామ్‌లో ఆ చోట ఉన్నది అది కాదు.

క్లాక్ 2 మెగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే తప్పు రావట్లేదు. అసలు ప్రాసెసర్ పెడితే 4 దగ్గర కూడా బాగానే నడుస్తోంది. 250 నానోసెకన్ల ఈప్రామ్ తీసి 150ది పెట్టాను, సాకెట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను, అదనంగా గ్రౌండ్ వైరు కలిపాను. తప్పు వచ్చేలోపు నడిచే సమయం కాస్త పెరిగింది, అంతే. వచ్చే వారం బోర్డు అప్పగించాలి, టెన్షన్‌గా ఉంది.

ఇలాంటప్పుడు ముందు ఏది చేయాలి: ఎం1 సైకిల్‌కి (ఆప్‌కోడ్ చదివే దశకి) ఒక వెయిట్ స్టేట్ (ప్రాసెసర్ ఒక క్లాక్ ఆగడం) చేర్చడమా, క్లాక్ లైన్‌లో సిరీస్ రెసిస్టర్ పెట్టడమా?