గెడ్డ (కొండవాగు) దగ్గర గూడవాళ్ళు డబ్బులడిగితే ఇవ్వాలా?

సిక్కోలు బుల్లెట్:
మొన్న ఆదివారం సీతంపేట దాటి కొండల్లో ఒక జలపాతానికి బయల్దేరాం. మెట్టుగూడ కాదు, అక్కడ ఆదివారమొస్తే జాతరే. ఇంకా లోపలికి పోయాం. ఒక గిరిజనుల గూడ దగ్గర బళ్ళు ఆపీసరికి ఇద్దరు కుర్రోళ్ళొచ్చి మనిషికి 50 ఇమ్మన్నారు. పైగా దారి చూపడానికి వాళ్ళోడొకడు కూడా వస్తాడని షరతు. రసీదు లేదు, బోర్డు లేదు. అడివి గవర్నమెంటుది, నీళ్ళు దేవుడివి, మజ్జిలో ఈ టోల్‌గేటేటి? పైసా ఇవ్వకుండా బండి తిప్పీసాం. మీరైతే ఇద్దురా?

ఇజీనగరం వదిన:
ఇద్దును. ఎస్.కోట దగ్గర పుణ్యగిరి ఎక్కితే గుడి ఉంటుంది, ముందూ వెనకా మనుషులుంటారు. గెడ్డ దారి అలాంటిది కాదు కదా. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు దారి తెలిసినవాడు ముందు నడిస్తే ఆ 50కి విలువ ఉన్నట్టే. అయినా నలుగురు కలిసి టిఫినుకి ఎంత పెట్టారో అది కూడా చెప్పండి.

సిక్కోలు బుల్లెట్:
వదినా, టిఫినుకి బిల్లిస్తారు. దారికి ఫోన్లో మ్యాపుంది. చిన్నప్పట్నించీ నాగావళిలో ఈత కొట్టినోళ్ళం, మమ్మల్ని ఒకడు చెయ్యి పట్టుకుని నడిపించాలేటి?

కొండదారి:
నాగావళిలో ఈతొస్తే గెడ్డలో వచ్చినట్టు కాదు బాబూ. నీళ్ళు పడేచోట గుండంలో సుడి మనిషిని కిందకే లాగుతుంది, అడుగున బండలెలా ఉన్నాయో పైకి కనబడదు. రెండోది, మీ నెత్తిన ఎండ కాస్తుంటే పై కొండ మీద వాన పడుతుండొచ్చు. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే ఫొటోలు ఆపి గట్టెక్కేయాలి. అది మ్యాపులో రాదు. గూడవాడు చప్పుడు మారితేనే చెప్పేస్తాడు.

ఇంక ఏనుగులు. ఒడిశా వైపు నుంచి దిగిన గుంపు కొన్నేళ్ళుగా సీతంపేట, కురుపాం, కొమరాడ చుట్టూనే తిరుగుతోంది. ఈ పూట ఏ తోటలో ఉందో గూడవాళ్ళకి తెలుస్తుంది, మనకి తెల్లారి పేపర్లో తెలుస్తుంది.

రాజాం స్టూడెంట్:
మనిషి అవసరమే అనుకుందాం. కానీ మాలాంటోళ్ళు బస్సు చార్జీకే లెక్కెట్టుకుని వస్తాం. ప్రతి గెడ్డకీ ఒక గేటు పెడితే కార్లున్నోళ్ళకే కొండలు మిగుల్తాయి. ఆ డబ్బు గూడకి వెళ్తుందో, అడిగినోడి జేబులోకి వెళ్తుందో ఎవరు చూడొచ్చారు?

గూడ కుర్రోడు:
ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలీదు, మీరు వెళ్ళింది మా గూడో కాదో కూడా తెలీదు. మా దగ్గర సంగతి చెప్తా. నేను సవర తెగవాణ్ణి, పాలకొండలో డిగ్రీ చదివాను.

జలపాతం కింద గెడ్డకి చిన్న అడ్డుకట్ట కట్టి పైపు వేసుకున్నాం. మోటారు లేదు, పల్లానికి నీళ్ళు వాటంతటవే కుళాయికి దిగుతాయి. పైపు మూతికి పాత దోమతెర ముక్క చుట్టి తాడుతో కట్టి ఉంటుంది. ఆదివారం మీరొచ్చి వెళ్ళాక, సోమవారం పొద్దున్నే ఒకరు పైకెళ్ళి అది విప్పి దులపాలి. షాంపూ పాకెట్లు, చిప్స్ కవర్లు ఎప్పుడూ ఉండేవే. ఒకసారి పిల్లల డైపరు వచ్చి మూతికి అడ్డం పడితే ఆ రోజు కుళాయి రాలేదు. అవి మేం తాగే నీళ్ళు. జీడితోటలో సీసాపెంకులు వేరే. మా ముసలోళ్ళు చెప్పుల్లేకుండానే తిరుగుతారు.

మీలో ఎవరైనా నాచు బండ మీద జారి కాలు విరిగితే 108 అక్కడిదాకా రాదు. దుప్పటి, వెదురు కర్ర, డోలీ. మా ఆడవాళ్ళని కాన్పుకి మోసుకెళ్ళేదీ దాంట్లోనే. మోసేది మేము, ఆ రోజు కూలి పోయేదీ మాకే. అప్పుడు మాత్రం రసీదు ఎవరూ అడగరు.

పాత ప్లీడరు:
అడవి గవర్నమెంటుది అన్నమాట సగమే నిజం. అటవీ హక్కులున్న చోట అడవినీ, నీటి వనరులనీ కాపాడుకునే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకి ఇచ్చింది. సీతంపేట ఏజెన్సీలో ఆ గూడ షెడ్యూల్డ్ ఏరియా కిందకి వస్తే, అక్కడి గ్రామసభలకి అధికారాలిచ్చే 1996 నాటి పీసా చట్టం కూడా వర్తిస్తుంది. 2022లో మన్యం జిల్లాలో కలిసినా అందులో మార్పు లేదు. అయితే దారిలో నిలబడి తలకింత అని వసూలు చేయొచ్చని ఆ సెక్షన్‌లో లేదు. గ్రామసభ కూర్చుని తీర్మానం రాసుకుంటే కనీసం వాదించడానికి ఒక కాగితం ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్ళు ఊరికే చెయ్యి చాపితే అదీ ఉండదు. ఫారెస్టువాళ్ళు ఒప్పుకుంటారా అనేది మళ్ళీ ఇంకో పేచీ.

కొండదారి:
నా మటుకు నేను దారి చూపే కూలి ఇస్తాను, గేటు రుసుం ఇవ్వను. మనిషి వెంట రాకుండా డబ్బొక్కటే అడిగితే బుల్లెట్ గారిలాగే నేనూ వెనక్కొచ్చేస్తా. మనిషొస్తే మాత్రం 50 కాదు, అతని రోజు కూలికి తక్కువ ఇవ్వడం తప్పు.

గూడ కుర్రోడు:
మా దగ్గర తలకింత అని లేదు. జట్టుకి 300, పదిమందికి మించితే ఇద్దరొస్తారు. చదువుకునే పిల్లలైతే ఉన్నంత ఇస్తారు, లేదంటే అనాసపళ్ళ తోటలో ఓ గంట గడ్డి తీసి వెళ్తారు, అలా కూడా జరిగింది. లెక్క పుస్తకం గూడ పెద్ద ఇంట్లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. దోమతెరకీ పైపు ముక్కలకీ అందులోంచే తీస్తాం.

రాజాం స్టూడెంట్:
గడ్డి తీయడానికి రెడీ బ్రో. లొకేషన్ పెట్టవా?

గూడ కుర్రోడు:
ఇక్కడ పెట్టను. సీతంపేట దిగి ఫోన్ చెయ్యి, నంబరు విడిగా పంపిస్తా.

సిక్కోలు బుల్లెట్:
రసీదు కాకపోతే కనీసం ఓ బోర్డైనా రాయండయ్యా, ముందే తెలిస్తే గొడవుండదు. పుస్తకం చూపిస్తే 300 నేనిస్తా. ఒక్క ముక్క చెప్పు, మా దగ్గర మందుసీసాలుంటే ఏటి చేస్తారు?

గూడ కుర్రోడు:
కిందే తీసి పెడతాం, దిగాక మీవి మీకిచ్చేస్తాం. బోర్డు సంగతి పెద్దలతో చెప్తా. సంత రోజు మాత్రం రాకండి, గూడలో ఎవరూ ఉండరు.